పది వేళ్లలో ఆర్కెస్ట్రా
పియానో కథ: తొమ్మిదో భాగం

1835లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరం నుంచి వెలువడే ఒక సంగీత పత్రికలో స్వరకర్త రాబర్ట్ షూమన్ సుదీర్ఘమైన సమీక్ష ఒకటి రాశాడు. సమీక్షకు తీసుకున్నది ఫ్రాన్సు దేశపు స్వరకర్త హెక్టర్ బెర్లియోజ్ రాసిన ‘సింఫనీ ఫాంటాస్టిక్’. ఐదు భాగాల పెద్ద రచన అది. దాని నిర్మాణాన్ని షూమన్ ముక్క ముక్కగా విప్పి చూపించాడు. ఏ వాద్యాన్ని ఎక్కడ ఎలా వాడారన్న దాని మీద కూడా తన అభిప్రాయం చెప్పాడు. చిత్రమేమిటంటే ఆ సింఫనీ ఆర్కెస్ట్రా స్వరలిపి షూమన్ కళ్లబడనే లేదు. అది అచ్చయింది ఆ తర్వాత పదేళ్లకు, 1845లో. ఆయన ముందు ఉన్నదల్లా ఒక పియానో పుస్తకం. పారిస్‌లో ఉంటున్న ఫ్రాంజ్ లిస్ట్ అనే యువకుడు ఆ సింఫనీని ఆసాంతం పియానో మీదికి తెచ్చి, 1834లో సొంత డబ్బుతో అచ్చు వేయించిన పుస్తకం.

దాన్ని చదివే షూమన్ మూలాన్ని ఊహించాడు. లిస్ట్ పనిని ఎంతగా మెచ్చుకున్నాడంటే, దాన్ని స్వతంత్ర రచనగానే చూడాలన్నాడు. పియానో ట్రాన్స్‌క్రిప్షన్‌కు, అంటే వేరే వాద్యాల సంగీతాన్ని పియానోకు మార్చి రాయడానికి, అంతకు ముందు అలాంటి గౌరవం దక్కడం అరుదు. ఈ భాగంలో చెప్పబోయేది ఆ గౌరవం ఎలా వచ్చింది, మధ్యలో ఎలా పోయింది, మళ్లీ ఎలా తిరిగి వచ్చిందన్న కథ.

రికార్డు లేని కాలాన్ని ఒకసారి తలుచుకోవాలి. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877 నాటిది. అంతకు ముందు బీథోవెన్ సింఫనీ వినాలంటే వియన్నాలోనో పారిస్‌లోనో లండన్‌లోనో ఉండాలి. అక్కడ ఉన్నా ఆ ఏడాది ఎవరైనా దాన్ని వాయిస్తేనే వినే భాగ్యం. చిన్న ఊళ్లో పుట్టి పెరిగిన సంగీతాభిమాని బీథోవెన్ సింఫనీలు తొమ్మిదింటిలో ఒక్కటి కూడా ఆర్కెస్ట్రాలో వినకుండానే కన్నుమూసిన సందర్భాలు కోకొల్లలు. అందుకే మధ్యతరగతి ఇళ్లలోకి పియానో వచ్చిన కొద్దీ, సింఫనీలనూ ఒపేరాలనూ పియానోకు దించిన పుస్తకాలు విపరీతంగా అమ్ముడుపోయాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నాలుగు చేతులతో వాయించే పుస్తకాలకు గిరాకీ మరీ ఎక్కువ. అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు, స్నేహితులు సాయంత్రాలు కలిసి కూర్చుని హైడన్‌నూ మొత్సార్ట్‌నూ బీథోవెన్‌నూ నేర్చుకున్నది అలాగే.

ఆ పుస్తకాల్లో చాలావాటిలో ప్రాణం తక్కువ. స్వరాలన్నీ లెక్కకు సరిపోయేవి, సంగీతం మాత్రం వినిపించేది కాదు. ఆర్కెస్ట్రా కాగితం మీద ఉన్నదాన్ని ఉన్నట్టు రెండు చేతుల్లోకి కుదిస్తే వచ్చే ఫలితం అదే. వయొలిన్ కమాను ఒక స్వరాన్ని పట్టుకుని దాన్ని క్రమంగా పెంచగలదు. పియానోలో సుత్తి తీగను తాకిన క్షణం నుంచే నాదం తగ్గడం మొదలవుతుంది. వయొలిన్ పట్టుకున్న పొడవాటి స్వరాన్ని పియానోలో అలాగే రాస్తే, రెండు లెక్కలు దాటేసరికి అక్కడ ఏమీ మిగలదు. కాబట్టి కాగితానికి విధేయంగా ఉంటే చెవికి ద్రోహం జరుగుతుంది. ఈ చిక్కును అందరికంటే లోతుగా అర్థం చేసుకున్నవాడు లిస్ట్.

బెర్లియోజ్‌ను ఆయన మొదటిసారి కలిసింది 1830 డిసెంబర్ 4న. మర్నాడే పారిస్ కన్సర్వేటరీలో ‘సింఫనీ ఫాంటాస్టిక్’ తొలి ప్రదర్శన. పంతొమ్మిదేళ్ల లిస్ట్ సభలో కూర్చుని విన్నాడు. బెర్లియోజ్‌కు పియానో వాయించడం రాదు. గిటార్, ఫ్లూట్ వచ్చు, అంతే. కాబట్టి ఆ సింఫనీలో పియానో వేళ్లకు అలవాటైన పోకడ ఒక్కటీ లేదు. ప్రతి పంక్తీ ఏదో ఒక వాద్యాన్ని చెవిలో పెట్టుకుని పుట్టింది. పియానో మీదికి తేవడానికి ఇంతకంటే మొండి రచన దొరకదు. లిస్ట్ దాన్నే ఎంచుకున్నాడు. ఒక కచేరీలో ఆర్కెస్ట్రా ఇందులోని ఉరికంబపు నడకను వాయించి ముగించగానే, లిస్ట్ ఒక్కడే పియానో ముందు కూర్చుని అదే భాగాన్ని వాయించాడని, సభలో దాని ప్రభావం ఆర్కెస్ట్రాను మించిపోయిందని చార్లెస్ హాలే తన ఆత్మకథలో రాసుకున్నాడు. హాలే స్వయంగా పియానిస్టు. తర్వాత ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో తన పేరుతోనే ఆర్కెస్ట్రా స్థాపించినవాడు. ఆయన మాటను అభిమాని అతిశయోక్తి అని తీసిపారెయ్యలేం.

గత భాగంలో ఎరార్ కంపెనీ 1821లో పేటెంట్ తీసుకున్న యంత్రాంగం గురించి చెప్పుకున్నాం. నొక్కిన మెట్టు పూర్తిగా పైకి లేవకముందే అదే స్వరాన్ని మళ్లీ పలికించే ఏర్పాటు అది. లిస్ట్ సాహసాలకు ఆధారం అదే. ఒకే స్వరాన్ని ఎడతెగకుండా వణికిస్తే చెవికి అది నిలిచిన నాదంలా తోస్తుంది. వయొలిన్ల గుంపు పట్టుకున్న స్వరాన్ని ఆయన ఆ వణుకులో పెట్టాడు. పెడల్ తొక్కి కింది తీగలను మోగనిస్తూ పైన చేతులు వేరే పనిలోకి వెళ్లాయి. అప్పటి పియానోకు ఏడు స్థాయిల విస్తారం ఉంది. ఆ ఏడింటిలో ఆర్కెస్ట్రా సంగతులన్నీ దాదాపుగా పట్టేస్తాయని ఆయన బీథోవెన్ సింఫనీలకు రాసుకున్న ముందుమాటలో వాదించాడు.

ఆ సింఫనీల పని 1837లో మొదలైంది. ఆ వేసవిలో లిస్ట్ నోహాన్ అనే ఫ్రెంచి పల్లెలో రచయిత్రి జార్జ్ సాండ్ ఇంట అతిథి. అయిదు, ఆరు, ఏడు సింఫనీలతో ప్రారంభించాడు. మిగతావి పాతికేళ్ల పైచిలుకు ఆగాయి. 1863లో లైప్‌జిగ్‌లోని బ్రైట్‌కాఫ్ అండ్ హెర్టెల్ ప్రచురణ సంస్థ తొమ్మిదీ పూర్తిచేసి ఇమ్మని అడిగేనాటికి లిస్ట్ జీవితం పూర్తిగా మారిపోయింది. కచేరీల ఊరేగింపులు ఎప్పుడో మానేశాడు. కొడుకు డానియల్ 1859లో, కూతురు బ్లాందీన్ 1862లో చనిపోయారు. ఆయన రోమ్ వెలుపల మాంటే మారియో కొండ మీద ఒక మఠంలో గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. ఆ ఏడు జులైలో పోప్ తొమ్మిదో పయస్ స్వయంగా కొండెక్కి వచ్చి ఆయన వాయిద్యం విన్నాడు. యూరప్ అంతటినీ ఊపేసిన మనిషి, ఆ గదిలో కూర్చుని, మరొకరి సంగీతాన్ని పంక్తి పంక్తిగా రాసుకుంటూ పోయాడు. లిస్ట్ ఆడంబరుడని కొట్టిపారేసేవాళ్లు ఆ గదిని ఒకసారి తలుచుకోవాలి.

తొమ్మిదో సింఫనీ చివరి భాగం దగ్గర ఆయన చేతులెత్తేశాడు. నలుగురు గాయకులు, నిండు బృందగానం, పూర్తి ఆర్కెస్ట్రా, ఇవన్నీ రెండు చేతుల్లో ఇమడవని, ప్రయత్నించి చూసి 1864లో ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. వాళ్లు మళ్లీ అడిగారు. ఆయన మళ్లీ కూర్చున్నాడు. చివరికి పూర్తిచేశాడు. 1865లో తొమ్మిదీ అచ్చయ్యాయి. తన శిష్యుడూ అల్లుడూ అయిన హాన్స్ ఫాన్ బ్యూలోకు అంకితమిచ్చాడు. ఇంత చెప్పిన తర్వాత నా అభిప్రాయమూ చెప్పాలి: ఆ చివరి భాగం పియానోలో నిలబడదు. అక్కడ మనిషి గొంతు కావాలి, అదీ వందల గొంతులు కావాలి. లిస్ట్ మొదటి ఉత్తరంలో రాసిందే నిజం.

కానీ ఆరో సింఫనీ, అంటే ‘పాస్టోరల్’ సంగతి వేరు. నా చెవికి తొమ్మిదింటిలోనూ ఇదే తలమానికం. రెండో భాగం వాగు ఒడ్డు దృశ్యం. అది ముగిసే చోట బీథోవెన్ మూడు పక్షులను పలికిస్తాడు. ఫ్లూట్‌లో నైటింగేల్, ఓబోలో క్వెయిల్ పిట్ట, క్లారినెట్‌లో కుకూ. మూడు వాద్యాలకూ మూడు రకాల నాదం కాబట్టి ఆర్కెస్ట్రాలో తేడా దానంతట అదే తెలుస్తుంది. పియానోలో అన్నీ అవే తీగలు, అవే సుత్తులు. అందుకే లిస్ట్ తన స్వరలిపిలో ఆయా పంక్తుల దగ్గర మూల వాద్యం పేరు కూడా రాసిపెట్టాడు. ఇది ఫ్లూట్, ఇది కొమ్ము వాద్యం, ఇది వయొలిన్ అని. వాయించేవాడు ఆ రంగును చెవిలో ఉంచుకుని మెట్టును తాకాలి. వేలు బరువు మార్చాలి, పెడల్ ఎత్తే క్షణం మార్చాలి. మంచి పియానిస్టు చేతిలో ఆ మూడు పక్షులూ విడివిడిగా వినిపిస్తాయి. సాధారణ పియానిస్టు చేతిలో మూడూ పియానోగానే వినిపిస్తాయి. తర్వాత వచ్చే తుఫాను దాకా బీథోవెన్ టింపని డోళ్లను మోగనివ్వడు. దాచి దాచి అక్కడ వదులుతాడు. లిస్ట్ కూడా పియానో అట్టడుగు మెట్లలోని ఉరుమును ఆ చోటు కోసం పొదుపుగా దాచుకున్నాడు. సింఫనీని ఎంత శ్రద్ధగా విన్నాడో అక్కడ తెలుస్తుంది.

ఆర్కెస్ట్రాలో ఒకేసారి పది పన్నెండు పంక్తులు నడుస్తాయి. వాటిలో కొన్ని ఒకే స్వరాన్ని వేర్వేరు స్థాయిల్లో పలుకుతుంటాయి. ఏది వదిలినా చెవి దాన్ని ఊహించుకుంటుందో, ఏది వదిలితే కట్టడమే కూలుతుందో తెలియాలి. లిస్ట్ తన అసలు నైపుణ్యమంతా ఆ ఎంపికలో పెట్టాడు. వేళ్ల వేగం ఆ తర్వాతి మాట.

షూబర్ట్ పాటల దగ్గర ఈ సమస్య మరో రూపంలో ఎదురైంది. షూబర్ట్ 1828లో ముప్ఫై ఒకటో ఏట చనిపోయాడు. వియన్నా దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. 1838 మార్చిలో డాన్యూబ్ నది పొంగి హంగరీలోని పెస్ట్ నగరం మునిగిపోయినప్పుడు, హంగరీ నేల మీద పుట్టిన లిస్ట్ బాధితుల సాయం కోసం వియన్నాలో కచేరీలు చేశాడు. ఆ రోజుల్లో షూబర్ట్ పాటలు గొంతు లేకుండా పియానోలో మోగి జనాన్ని కట్టిపడేశాయి. మొత్తం మీద యాభైకి పైగా షూబర్ట్ పాటలను ఆయన ఇలా మార్చాడు. ‘ఎర్ల్‌కోనిగ్’ పాటలో కథ చెప్పేవాడు, తండ్రి, జ్వరంతో ఉన్న పిల్లవాడు, వాణ్ని పిలిచే మాయరాజు, నలుగురు పాత్రలు. గాయకుడు గొంతు మార్చి నలుగురినీ పలికిస్తాడు. లిస్ట్ ఒక్కో పాత్రను మెట్లలో ఒక్కో చోటికి జరిపాడు. అడుగున గుర్రపు పరుగు ఆగదు. పాట మాటలను కూడా స్వరాల వెంబడే అచ్చు వేయాలని ప్రచురణకర్తను పట్టుబట్టాడు. వీణ మీద త్యాగరాజ కృతి వాయించే విద్వాంసుడికి సాహిత్యం తెలిసి ఉండాలని మన పెద్దలు ఎందుకు అంటారో, ఆయన పట్టుదలకూ కారణం అదే. మాట తెలియని వేలు పాటను ఎక్కడ విరవాలో ఎక్కడ సాగదీయాలో ఎరగదు.

ఒపేరా పాటల మీద ఆ రోజుల్లో పుట్టుకొచ్చిన పియానో ఫాంటసీల సంగతి ఇక్కడ ఎక్కువ చెప్పను. లిస్ట్‌కు పోటీగా నిలిచిన థాల్‌బర్గ్ రెండు బొటనవేళ్లతో నడుమ పాటను నడిపిస్తూ, చుట్టూ మిగతా వేళ్లతో స్వరాలు చల్లి, మూడు చేతులున్నాయా అనిపించేవాడు. 1837 మార్చి 31న పారిస్‌లో ఒక రాజవంశపు మహిళ ఇంట ఇద్దరూ పోటీగా వాయించారు. ఊరంతా చెప్పుకున్నారు. ఆ రకం రచనల్లో చాలావాటికి కాలం చెల్లింది. చెల్లడం న్యాయమే.

ఇప్పుడు బాఖ్ దగ్గరికి వద్దాం. ఎందుకంటే ఈ కళ ఎంత భిన్నంగా ఉండగలదో చూపించడానికి ఒక్క రచన చాలు. బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన రెండో పార్టీటాలో చివరి భాగం ‘షకోన్’. ఆయన చేతిరాత ప్రతి మీద ఉన్న సంవత్సరం 1720. చిన్న మంద్రస్వర క్రమం ఒకటి తిరిగి తిరిగి వస్తుంటుంది. దాని మీద కల్పనలు అల్లుకుంటూ పావుగంట సేపు సాగుతుంది. నాలుగు తీగలున్న వాద్యం ఒకేసారి నాలుగు గొంతులుగా పలకలేదు. బాఖ్ సూచించి వదిలేస్తాడు, మిగతాది శ్రోత చెవి నింపుకుంటుంది.

1877లో యోహానెస్ బ్రామ్స్ దీన్ని ఒక్క ఎడమచేతికే రాశాడు. వయొలిన్ స్థాయికి ఒక స్థాయి కిందకు దించాడు. స్వరాలు దాదాపుగా బాఖ్‌వే ఉంచాడు. ఒక్క చేతితో పెనుగులాడుతుంటే తానూ వయొలిన్ విద్వాంసుడినే అయినట్టు ఉంటుందని పియానిస్టు, రాబర్ట్ షూమన్ భార్య అయిన క్లారాకు రాసి పంపాడు. సరిగ్గా అప్పుడే క్లారా కుడిచెయ్యి బెణికి ఉంది. ఎడమచేతికి సరిపడే ఆ కానుక ఆమెకు ఎంత సంతోషం ఇచ్చిందో ఆమె జవాబు చదివినవాళ్లకు తెలుసు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న వియన్నా పియానిస్టు పౌల్ విట్‌గెన్‌స్టైన్‌కు కూడా ఇది ఆసరా అయింది.

పదహారేళ్ల తర్వాత, 1893 ప్రాంతంలో, ఇటలీలో పుట్టి జర్మనీలో స్థిరపడిన ఫెరూచియో బుసోని అదే షకోన్‌ను రెండు చేతులకు రాశాడు. బ్రామ్స్ దారికి ఇది పూర్తి విరుద్ధం. బాఖ్ సూచించి వదిలినవన్నీ బుసోని నిండుగా పలికించాడు. నడుమ రచన మేజర్ అనే స్వరక్రమంలోకి తిరిగే చోట ట్రాంబోన్‌లు దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. ముగింపులో చర్చి ఆర్గన్ మొత్తం తెరుచుకున్నట్టు ఉంటుంది. ఇది బాఖ్ కాదని ఆనాడే చాలామంది గొడవపడ్డారు. బుసోని 1907లో ఒక చిన్న పుస్తకంలో దానికి సమాధానం చెప్పాడు. స్వరకర్త మనసులోని ఆలోచనను కాగితం మీద పెట్టిన క్షణమే అది ఒక ట్రాన్స్‌క్రిప్షన్ అయిపోయిందని, దాన్ని వాయించడం మరో ట్రాన్స్‌క్రిప్షన్ అని ఆయన వాదం. నన్ను అడిగితే బాఖ్‌కు దగ్గరగా ఉన్నది బ్రామ్స్‌ది. పియానో రచనగా గొప్పది బుసోనిది. ఇటలీ పియానిస్టు మికెలాంజెలీ ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, 1948లో, లండన్‌లో చేసిన బుసోని షకోన్ రికార్డింగ్ దొరికితే వదలకండి. అంత మోతలోనూ ఒక్క పంక్తి మసకబారదు.

రికార్డులు ఇల్లిల్లూ చేరాక ట్రాన్స్‌క్రిప్షన్ అవసరం తీరిపోయింది. సింఫనీ కావాలంటే సింఫనీనే వినొచ్చు. దానికి తోడు ఇరవయ్యో శతాబ్దం నడిమికి వచ్చేసరికి సంగీత విద్యాలయాల్లో ఒక పట్టింపు బలపడింది. స్వరకర్త రాసిన చేతిరాతే ప్రమాణం, దానికి ఒక్క స్వరం కలిపినా అపచారం. ఆ గాలిలో లిస్ట్ బీథోవెన్ వాయించడం చిన్నతనం అయిపోయింది. ఆ పట్టింపు మేలూ చేసింది, మంచి స్వరలిపి ప్రతులు దాని వల్లే వచ్చాయి. కానీ బాఖ్ తానే వివాల్డి కచేరీ రచనలను ఆర్గన్‌కూ హార్ప్‌సికార్డ్‌కూ మార్చుకున్నాడన్న సంగతిని ఆ పండితులు పక్కన పెట్టేశారు.

కొందరు పియానిస్టులు మాత్రం వదల్లేదు. రఖ్మానినోవ్ తన మిత్రుడు క్రైస్లర్ వయొలిన్ రచనలను పియానోకు తెచ్చాడు. మెండెల్‌సన్ రాసిన ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ స్కెర్‌జోను 1933లో రాసి, 1935లో రికార్డు చేశాడు. హోరోవిట్జ్ సూసా రాసిన అమెరికన్ బ్యాండు మార్చ్‌ను పియానో మీద వాయించేవాడు. పైన పికొలో, నడుమ పాట, కింద ఇత్తడి వాద్యాలు అన్నీ ఒకేసారి వినిపించేవి. తన కూర్పులను ఆయన అచ్చు వేయించలేదు. తర్వాతి తరం వాళ్లు రికార్డులు పదే పదే విని స్వరాలు రాసుకున్నారు. అలా విని పట్టుకున్నవాళ్లలో రష్యన్ పియానిస్టు ఆర్కాదీ వొలోదోస్ ఒకడు.

లండన్ పియానిస్టు మైరా హెస్ సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. బాఖ్ 147వ కంటాటాలోని బృందగీతం ‘జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్’ను ఆమె పియానోకు మార్చి 1926లో అచ్చు వేయించింది. నాలుగు నిమిషాలు పట్టని చిన్న రచన. రెండో ప్రపంచయుద్ధం రాగానే లండన్‌లో హాళ్లు మూతపడ్డాయి. నేషనల్ గ్యాలరీలోని చిత్రాలను బాంబుల భయంతో దూరంగా తరలించారు. ఆ ఖాళీ గ్యాలరీలో 1939 అక్టోబర్ నుంచి మధ్యాహ్నపు కచేరీలు ఏర్పాటు చేసింది హెస్. 1946 ఏప్రిల్ దాకా 1,698 కచేరీలు జరిగాయి. బాంబులు పడుతున్న రోజుల్లో నేలమాళిగలోకి దిగి వాయించారు. ఆమె పేరు చెబితే ఆ ఊరివాళ్లకు గుర్తుకొచ్చేది ఈ చిన్న రచనే.

ఇదే రచన 1950 సెప్టెంబర్ 16న ఫ్రాన్సులోని బెజాన్సాన్‌లోనూ మోగింది. రుమేనియా పియానిస్టు దినూ లిపాటికి అప్పుడు ముప్ఫై మూడేళ్లు. హాజ్‌కిన్స్ వ్యాధి ముదిరిపోయింది. వద్దన్నా వినకుండా వేదిక ఎక్కాడు. బాఖ్, మొత్సార్ట్, షూబర్ట్ అయ్యాక షోపాన్ వాల్ట్జ్‌లు పద్నాలుగు వాయించాలి. పదమూడు పూర్తిచేశాడు. పద్నాలుగోదానికి శక్తి చాలలేదు. కాసేపు ఆగి, దాని బదులు హెస్ కూర్చిన ఆ బాఖ్ గీతాన్ని వాయించి లేచాడు. అదే ఆయన చివరి కచేరీ. డిసెంబర్ 2న చనిపోయాడు. కచేరీ రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. ఆ చివరి బాఖ్ మాత్రం అందులో లేదు. 1950లోనే ఆయన స్టూడియోలో చేసిన రికార్డింగ్ ఉంది, అది వినొచ్చు.

పోయిన గౌరవం తిరిగి రావడానికి గ్లెన్ గూల్డ్ లాంటి మొండి పియానిస్టు కావలసి వచ్చింది. ఎవరూ పట్టించుకోని లిస్ట్-బీథోవెన్ అయిదో సింఫనీని ఆయన 1967-68లో రికార్డు చేశాడు. తొందర లేకుండా వాయించాడు. లోపలి పంక్తులు ఎక్స్‌రేలో ఎముకల్లా తేలాయి. 1981లో ఎర్ల్ వైల్డ్ న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వరసగా మూడు కచేరీలు పూర్తిగా ట్రాన్స్‌క్రిప్షన్లతోనే చేశాడు. వెనక దారిన వచ్చే కళ కాదు ఇది, ముందు గుమ్మంలోంచే వస్తుందని చాటినట్టయింది. తర్వాత సిప్రియాన్ కట్సారిస్, ఇదిల్ బిరెట్, కాన్‌స్టాంటిన్ షెర్బకోవ్ తొమ్మిది సింఫనీలనూ రికార్డు చేశారు. కట్సారిస్ ఆర్కెస్ట్రా స్వరలిపి తెరిచి, లిస్ట్ వదిలిన స్వరాలను కూడా కొన్నిచోట్ల చేర్చుకున్నాడు. ఉత్సాహం ఎక్కువ, గాలి ఆడే చోటు తక్కువ. మొదటిసారి వినేవాళ్లకు నేను షెర్బకోవ్‌నే సూచిస్తాను. ఇక ఆస్ట్రేలియాలో పుట్టిన లెస్లీ హోవర్డ్ లిస్ట్ పియానో రచనలన్నీ వాయించాడు. అవి తొంభై తొమ్మిది సీడీలు. లిస్ట్ ఎంత రాశాడో, అందులో ఇతరుల సంగీతం కోసం ఎంత సమయం వెచ్చించాడో వాటిని చూస్తే తెలుస్తుంది.

పాఠకులకు నాదొక విన్నపం. ‘పాస్టోరల్’ సింఫనీ ఇంతవరకు వినకపోయి ఉంటే ముందు ఆర్కెస్ట్రాలో వినకండి. లిస్ట్ పియానో రూపం మొదట వినండి. రెండో భాగం ఆఖర్లో మూడు పక్షులు ఎక్కడున్నాయో వెతకండి. మర్నాడు ఆర్కెస్ట్రా వినండి. మీరు అప్పటికే పియానోలో పట్టుకున్న పంక్తులు ఏ వాద్యాల్లో దాగి ఉన్నాయో వాటంతట అవే తెలిసిపోతాయి. 1835లో షూమన్ చేసిన పని సరిగ్గా ఇదే.

వచ్చే భాగంలో: 1859లో స్టైన్‌వే ఇనుప చట్రం, అడ్డంగా పేర్చిన తీగలు.